బండి పెయింటు కాపాడాలంటే: ఫిల్మా, కోటింగా, మడ్‌ఫ్లాపా?

మోటార్‌సైకిల్ ట్యాంకు మీద గీత పడ్డచోట వేలిగోరు ఆనించి అడ్డంగా లాగి చూడండి. గోరు ఎక్కడా తగులుకోకుండా జారిపోతే అది పైపై గీతే, పాలిష్ పెడితే పోతుంది. తగులుకుని ఆగిందంటే దెబ్బ క్లియర్‌కోటులో, అంటే రంగు మీదుండే పారదర్శక పూతలో, లోతుగానే దిగింది. అలా కాక ఆవగింజంత గుంట పడి, అంచులు పెచ్చులేచి, అడుగున బూడిదరంగు ప్రైమరో రేకో కనబడుతుంటే అది రాయి దెబ్బ. మూడింటినీ మనం ‘పెయింటు పోయింది’ అనే ఒక్క మాటతోనే చెప్పుకుంటాం. కానీ ఒకదాన్ని ఆపే సరుకు ఇంకొకదాన్ని ఆపదు. మీ బండికి ఎక్కడెక్కడ ఏం తగులుతోందో ముందు చూసుకుంటే, ఏం కొనాలన్నది సగం తేలిపోతుంది.

నాకిది డబ్బు పోశాక తెలిసింది. కొత్త బండికి నెల తిరక్కుండానే సిరామిక్ కోటింగు, అంటే పెయింటు మీద పూస్తే గట్టిపడే పల్చటి ద్రవం పూత, చేయించాను. ‘9హెచ్ గట్టిదనం సార్, గాజులా పట్టేస్తుంది, ఇంక గీత పడే మాటే లేదు’ అన్నారు, నమ్మాను. మొదటి దూరప్రయాణంలోనే రోడ్డు పని జరుగుతున్న చోట కంకర లారీ వెనక ఇరుక్కున్నాను. ఇంటికొచ్చి కడుగుతుంటే ముందు మడ్‌గార్డు మీద, హెడ్‌లైటు చుట్టూ కలిపి పదకొండు గుంటలు తేలాయి. కోటింగు మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంది. నీళ్లు ముత్యాల్లా దొర్లిపోతున్నాయి, ఆ గుంటల పక్కనుంచే. పుండొకచోట, మందొకచోట.

ఆ 9హెచ్ అనేది పెన్సిల్ పరీక్షలో వచ్చే అంకె. పెన్సిల్ ములుకును ఏటవాలుగా నొక్కి పూత మీద తోస్తారు, గీత పడిందా లేదా చూస్తారు. 9హెచ్ పెన్సిల్‌కి కూడా లొంగకపోతే ఆ అంకె ఇస్తారు. పెన్సిల్ కన్నా ఇసుక రేణువు ఎంతో గట్టిది, ఎగిరొచ్చే కంకర సంగతి చెప్పనే అక్కర్లేదు. అంకె అబద్ధం కాదు, మన సమస్యకి అది కొలత కాదంతే.

మందం దగ్గరే తేలిపోతుంది

కంపెనీ పెయింటు మొత్తం, అంటే ప్రైమరు, రంగు, పైన క్లియర్‌కోటు అన్నీ కలిపి, సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. మామూలు కాగితం మందం ఒకటి, మహా అయితే ఒకటిన్నర. అందులో క్లియర్‌కోటు వాటా 40, 50 మైక్రాన్లు. సిరామిక్ కోటింగు ఏ ఒకటి రెండు మైక్రాన్లో. వ్యాక్సు అంతకూడా ఉండదు. రంగు మార్చడానికి అతికించే వినైల్ ర్యాప్ 100 మైక్రాన్లకు అటూ ఇటూ. పీపీఎఫ్ అని పిలుచుకునే పారదర్శకమైన పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ 150 నుంచి 200 మైక్రాన్లు, అంటే కింద ఉన్న పెయింటు కన్నా మందం.

ఇక రాయి సంగతి. వేగం రెట్టింపైతే దెబ్బలో శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల మీద టిక్కుమని తగిలి పడిపోయే గులకరాయే 100 మీద పెయింటు లేపేస్తుంది. ఎదుటి బండి చక్రం విసిరిన రాయైతే దాని వేగం మన వేగానికి కలుస్తుంది. ఈ దెబ్బను తట్టుకోవడానికి గట్టిదనం పనికిరాదు. గచ్చు మీద పడ్డవాడికీ కుస్తీ పరుపు మీద పడ్డవాడికీ ఉన్న తేడా ఇక్కడా ఉంది. పీపీఎఫ్ థర్మోప్లాస్టిక్ పాలీయురేథేన్ (టీపీయూ) అనే సాగే ప్లాస్టిక్‌తో చేస్తారు. రాయి తగిలినచోట కాస్త లోపలికి వంగి, దెబ్బను చుట్టుపక్కలకు పంచి, మళ్లీ పైకి లేస్తుంది. దీని పుట్టుక కూడా ఇలాంటి అవసరంలోనే. వియత్నాం యుద్ధకాలంలో ఇసుకా రాళ్లూ తగిలి హెలికాప్టర్ రెక్కల అంచులు అరిగిపోతుంటే వాటిమీద ఇలాంటి యురేథేన్ టేపు అతికించారు. పాతకాపులు కొందరు ఇప్పటికీ దీన్ని హెలికాప్టర్ టేపు అనే అంటారు.

అందుకే రాళ్ల దెబ్బకు నా ఓటు పీపీఎఫ్‌కే. బండి మొత్తానికి వేయమని మాత్రం అనను. కారుతో పోలిస్తే బండి మీద చదునైన చోటు తక్కువ. ట్యాంకు లాంటి రెండువైపులా వంపు తిరిగిన భాగాల మీద ఫిల్మును సాగదీసి కూర్చోబెట్టడం చెయ్యి తిరిగినవాళ్లకే సాధ్యం. ఎక్కువ సాగదీస్తే అంచు దగ్గర వెనక్కి లాక్కుని లేస్తుంది, లేచిన అంచుకి దుమ్ము పట్టి నల్లటి గీత కడుతుంది. రాళ్లు నిజంగా తగిలే చోట్లు నాలుగైదే: ముందు మడ్‌గార్డు, ఫోర్కుల కింది భాగం, హెడ్‌లైటు చుట్టూ, ఫెయిరింగ్ (గాలికి అడ్డుగా ఉండే ముందు తొడుగు) ఉంటే దాని ముక్కు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్. మిగతా డబ్బు మిగుల్చుకోండి.

తనంతట తాను మానుతుంది అనే మాటకి కూడా హద్దుంది. మంచి ఫిల్ముల పైపొర వేడి తగిలితే సన్నటి గీతల్ని సర్దేసుకుంటుంది. ఎండలో పెట్టినా, వేడినీళ్లు పోసినా చాలు. ఫిల్ము తెగేంత లోతు దెబ్బ మాత్రం అలాగే ఉండిపోతుంది. అప్పుడు ఆ ముక్క తీసి కొత్తది వేయడమే. దాని పనే అది, పెయింటు బదులు తాను చావడం. నాసిరకం సరుకు పీవీసీతో చేస్తారు, ఎండకి పచ్చబడి బిరుసెక్కుతుంది, ఊడదీయబోతే ముక్కలు ముక్కలవుతుంది. కొనేటప్పుడు ‘టీపీయూనా, పీవీసీనా’ అని ఒక్క మాట అడగండి. జవాబు తడబడితే వేరే చోటు చూసుకోండి. మంచిదైతే ఎండని బట్టి, వాడకాన్ని బట్టి 5 నుంచి 10 ఏళ్లు నడుస్తుంది.

వినైల్ ర్యాప్ రంగు మార్చుకోడానికి. పైపై రాపిడి నుంచి పెయింటును కాస్తుంది, చిన్న రాళ్లను కొంతవరకు ఆపుతుంది. పెద్ద రాయికి చిరుగుతుంది, చిరిగినచోట అతుకు కనబడుతుంది. రంగు మోజు ఉంటే వేయించుకోండి, రక్షణ దానితోపాటు వచ్చిన కొసరు అనుకోండి. స్ప్రే చేసి తర్వాత ఒలిచేసే రబ్బరు పూతలూ ఉన్నాయి. చక్రం రిమ్ములకి సరదాగా ఉంటాయి గానీ ట్యాంకు మీద వద్దు. పెట్రోలు చుక్క పడితే కరుగుతాయి.

మరి సిరామిక్ దండగా? కాదు. దుమ్ము అంత గట్టిగా అంటుకోదు, పురుగుల మరకలు తేలిగ్గా వదులుతాయి, కడగడం సగం సమయంలో అయిపోతుంది. తక్కువ రుద్దితే తక్కువ గీతలు, అదొక లాభం. ఫిల్ము మీద కూడా వేసుకోవచ్చు. నీళ్లలో ఉప్పు ఎక్కువున్న చోట కడిగి తుడవకుండా ఎండలో వదిలితే మాత్రం ముత్యాల్లా నిలిచిన చుక్కలే తెల్లటి మచ్చలై కూర్చుంటాయి. వ్యాక్సు, సీలెంటు కూడా ఈ కోవలోవే, కాకపోతే వారాలూ నెలల లెక్క.

అడుసు తొక్కనేల

రాయి తగిలాక ఎలా తట్టుకోవాలా అని ఇంతసేపు మాట్లాడుకున్నాం. రాయి అసలు ఎగరకుండా చేస్తే? మన బండి మీద పడే రాళ్లలో చాలా భాగం మన ముందు చక్రమే ఏరి విసురుతుంది. ఈ మధ్య వచ్చే బండ్లకి చూపు కోసం ముందు మడ్‌గార్డును కురచగా కట్ చేస్తున్నారు. దాని వెనక చివర చక్రం విసిరే గీతకన్నా పైనే ఆగిపోతుంది. అక్కడ ఒక జానెడు పొడిగింపు ముక్క, ఫెండర్ ఎక్స్‌టెండర్ అంటారు, అతికించినా బోల్టు చేసినా, ఇంజను ముందుభాగం, రేడియేటరు, ఎగ్జాస్టు పైపుల మీద పడే కంకర బాగా తగ్గిపోతుంది. వెనక చక్రానికి ఆనుకుని ఉండే చిన్న మడ్‌గార్డు, హగ్గర్ అంటారు, అదీ అంతే. ఇవన్నీ ఫిల్ము ఖర్చులో చిన్న వంతు కూడా కావు. నేనిప్పుడు ఎవరడిగినా ముందు ఇదే చెబుతాను, వినేవాళ్లకి కాస్త నిరుత్సాహంగా ఉంటుంది. నల్లటి ప్లాస్టిక్ ముక్కలో మెరుపేముంటుంది మరి.

బిగించేటప్పుడు ఒక్కటి చూసుకోండి: సస్పెన్షన్ పూర్తిగా దిగినప్పుడు, హ్యాండిల్ ఇటునుంచి అటు తిప్పినప్పుడు అది రేడియేటరుకి గానీ ఫ్రేముకి గానీ తగలకూడదు.

ట్రైక్ (మూడు చక్రాల మోటార్‌సైకిల్) ఉన్నవాళ్లకి లెక్క వేరు

రెండు చక్రాల బండి నడిపేవాళ్లు కార్ల టైర్లు తిరిగి తిరిగి ఊడ్చేసిన జాడలో పోతారు. ఆ జాడల మధ్యలో, లేన్ నడుమ, కంకరా ఇసుకా నూనె మరకలూ పేరుకుంటాయి. ట్రైక్ వెడల్పు కాబట్టి లేన్ మధ్యలోనే నడవాలి, దాని ఒంటి చక్రం సరిగ్గా ఆ చెత్త మీదుగానే పోతుంది. అందుకే బండి మీద ఏళ్ల తరబడి పెయింటు నిలబెట్టుకున్నవాళ్లు కూడా ట్రైక్‌కి మారిన మొదటి ఏడాదే ఇదేమిటని తలపట్టుకుంటారు.

వెనక రెండు చక్రాలుండే రకానికి, హార్లే-డేవిడ్‌సన్ ట్రై గ్లైడ్ లాంటివి, హోండా గోల్డ్ వింగ్‌కి కిట్ బిగించి మార్చినవి, దెబ్బంతా వెనక ఫెండర్ల (మడ్‌గార్డుల) ముందు ముఖం మీద. ముందు చక్రం లేపిన రాళ్లు వెనక్కి, పక్కలకి చిమ్మి, బయటికి పొడుచుకొచ్చిన ఆ రెండు బుగ్గల మీద పడతాయి. ఆ ముఖం నిండా, కింది అంచు లోపలికి మడిచేదాకా, పీపీఎఫ్ వేయించడం ట్రైక్ మీద పెట్టే ఖర్చుల్లో మొదటిది కావాలి. పొట్టిగా చదరపు ముక్క అతికించి వదిలేస్తే దాని కింద అంచు దగ్గరే గుంటలు పడతాయి. ముందు మడ్‌ఫ్లాపు ఇక్కడ రెండింతలు అవసరం.

అదే ఫెండరుకి ఇంకో శత్రువు వెనక కూర్చునే మనిషి బూటు. ఎక్కేటప్పుడు కాలు పైకెత్తి తిప్పుతుంటే మడమ ఫెండరు పైభాగాన్ని గీరుతుంది. ఎండ పక్కనుంచి పడే వేళ వంగి చూడండి: కొడవలి ఆకారంలో, అన్నీ ఒకే దిక్కుకి, ఒకదాని మీద ఒకటి గీతలు. అవి రాయి దెబ్బలు కావు, రాపిడి. పారదర్శక ఫిల్ము పనిచేస్తుంది గానీ రోజూ ఎక్కి దిగే మనిషైతే తొందరగా మాసి గరుకెక్కుతుంది. అక్కడికి నేనైతే గరుకు అల్లికున్న మందపాటి నల్ల రబ్బరు ప్యాడ్‌కే మొగ్గుతాను. స్టీలు ప్లేట్లు అందంగా ఉంటాయి కానీ సందులో నీళ్లూ దుమ్మూ చేరి, ప్రతి కుదుపుకీ అటూ ఇటూ నలిగి, ప్లేటు కిందే పెయింటు అరిగిపోతుంది. అంచులన్నీ అతుక్కుని ఉంటే తప్ప వాటి జోలికి పోవద్దు.

కిట్‌తో మార్చిన ట్రైక్‌లో ఫెండర్లు చాలావాటికి ఫైబర్‌గ్లాసువి. వాటికి లోపలి నుంచి కూడా గండం ఉంది. టైరు విసిరిన రాయి ఫెండరు లోపలివైపు తగిలితే బయటి పెయింటు మీద నక్షత్రంలా చీలికలు పుడతాయి. బయట ఎంత ఫిల్ము వేసినా దీన్ని ఆపలేదు. లోపలివైపు రబ్బరు లాంటి మందమైన అండర్‌కోటు కొట్టించడమే దారి. చక్రం విప్పినప్పుడు చేయిస్తే వేరే కూలీ ఉండదు. పైగా ఆ ఫెండర్ల పెయింటు కంపెనీది కాదు, మార్చినచోట వేసింది. కొత్తగా వేసిన పెయింటులోంచి ద్రావకాలు ఆవిరై బయటికి పోవాలి. కనీసం ఒక నెల ఆగకుండా ఫిల్ము వేస్తే కింద బుడగలు లేస్తాయి. పట్టు సరిగాలేని పెయింటైతే రేపు ఫిల్ము తీసేటప్పుడు దాంతోపాటే లేచొస్తుంది. పెయింటు వేసినవాళ్లని అడిగి, కనబడని మూల ఒక చిన్న ముక్క అతికించి తీసి చూశాకే ముందుకెళ్లండి.

ముందు రెండు చక్రాలుండే రకం, క్యాన్-యామ్ స్పైడర్ లాంటిది, ఇందుకు తలకిందులు. ముందు చక్రాల వెనకున్న పక్క ప్యానెళ్లకి, కింది అంచులకి ఫిల్ము కావాలి. లేన్ మధ్యలో నడిచే ఒంటి చక్రం వెనకది కాబట్టి అక్కడ హగ్గర్, మడ్‌ఫ్లాపు తప్పనిసరి.

రాపిడికి వేరే మందు

ట్యాంకు మీద రాళ్లు పడేది తక్కువ. దాన్ని తినేది మనమే. బెల్టు బకిల్, జాకెట్ జిప్పు, మోకాళ్ల దగ్గర ప్యాంటు కుట్టు, తాళంచెవుల గుత్తి. వెనకంచుకి మధ్యలో ట్యాంక్ ప్యాడ్, మోకాళ్ల దగ్గర గ్రిప్పులు పెట్టుకుంటే సరిపోతుంది. మెత్తటి జెల్ రకం, మూలలు గుండ్రంగా ఉన్నది తీసుకోండి. తీయాల్సి వస్తే గోళ్లతో పీకొద్దు, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి కింద సన్నటి నైలాన్ దారం పెట్టి రంపంలా లాగితే వచ్చేస్తుంది.

ట్యాంక్ బ్యాగు మాత్రం నమ్మించి మోసం చేస్తుంది. అడుగున ఎంత మెత్తటి గుడ్డ ఉన్నా దాని కింద చేరిన ఇసుక ప్రయాణమంతా కదులుతూ గరుకు కాగితంలా పనిచేస్తుంది. అయస్కాంతం రకానికి రోడ్డు మీది ఇనుపరజను కూడా అంటుకుంటుంది. బ్యాగు పెట్టే అలవాటుంటే దాని అడుగంత మేర ఫిల్ము వేయించండి, పెట్టే ప్రతిసారీ రెండువైపులా తుడవండి. పక్క సంచుల పట్టీలకీ అదే సూత్రం, చివర వేలాడే తోకల్ని కట్టేయకపోతే గాలికి కొట్టుకుంటూ ఒక్క రోజులో పెయింటును మసకబారుస్తాయి.

తోలు, రెక్సిన్ ట్యాంక్ కవర్లు నాకు ససేమిరా నచ్చవు. పైనుంచి రాయి దెబ్బ తగలనివ్వవు, నిజమే. కింద తేమ నిలుస్తుంది, దుమ్ము దిగుతుంది, గాలికి అంచు రెపరెపలాడుతుంది. విప్పి చూసేసరికి కప్పిన మేర ఒక రంగు, కప్పనిచోట ఒక రంగు. ప్రయాణానికి కట్టి, దిగగానే విప్పేసి ఆరబెట్టేంత ఓపికుంటేనే తీసుకోండి. బండి మొత్తం కప్పే కవరూ అంతే, దుమ్ముపట్టిన బండి మీద కవరు లాగడమంటే మనమే గరుకు కాగితం పట్టుకుని రుద్దడం.

నిజానికి ఎండలో సాలెగూడులా కనబడే గుండ్రటి సన్నగీతలు చాలామటుకు కడిగే చేతులు పెట్టినవే. ఒక బక్కెట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. ముందు నీళ్ల ధారతో మట్టి వదలగొట్టాకే గుడ్డ ఆనించాలి. పొడిగుడ్డతో దులపడం మానేస్తే చాలు, సగం కోటింగు వేయించినట్టే.

మ్యాట్ (మెరుపు లేని) పెయింటు ఉన్నవాళ్లకి వెసులుబాటు తక్కువ. గీత పడితే పాలిష్‌తో తీసే వీలు లేదు, రుద్దినచోట నున్నబడి మెరుస్తుంది. వ్యాక్సు కూడా మచ్చలు కడుతుంది. మామూలు ఫిల్ము వేస్తే మ్యాట్ కాస్తా మెరిసే పెయింటైపోతుంది, మ్యాట్ ఫిల్మే అడిగి వేయించాలి. బాగుచేసే దారి లేని పెయింటు కాబట్టి, ట్యాంకు మొత్తానికీ ఫిల్ము ఖర్చు దండగ కాదనిపించేది దీనికొక్కదానికే.

సొంతంగా ఏది వేసుకోవచ్చు?

మడ్‌గార్డు, ఫోర్కులు, స్వింగ్‌ఆర్మ్ ఎవరైనా వేసుకోవచ్చు. ట్యాంకు, పెద్ద ఫెండర్లు చేయి తిరిగినవాళ్లకి వదిలేయండి. మీ మోడల్‌కి కత్తిరించి వచ్చే కిట్ దొరికితే అదే మేలు, పెయింటు మీద బ్లేడు పెట్టే పని ఉండదు. రోల్ కొని కత్తిరించేట్టయితే కాగితం మీద ఆకారం గీసుకుని బల్ల మీదే కోయండి. మూలలకి రూపాయి బిళ్ల ఆనించి గుండ్రంగా తిప్పండి. కోసుగా వదిలిన మూల ముందుగా లేస్తుంది, ఇందులో మినహాయింపు నేను చూడలేదు.

శుభ్రంగా కడిగి, స్పిరిట్‌తో జిడ్డు తుడిచాక, నీళ్లలో నాలుగు చుక్కల బేబీ షాంపూ కలిపి పెయింటు మీదా జిగురు మీదా ధారాళంగా కొట్టండి. ఫిల్ము తేలుతూ ఉండాలి, అటూ ఇటూ జరపగలగాలి. సరైనచోట కూర్చోగానే స్క్వీజీతో (నీళ్లు తోసే రబ్బరు పట్టీతో) మధ్యనుంచి అంచులకు నీళ్లు తోయండి. అంచు పట్టుకోకపోతే అక్కడ నీళ్లలో కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కాస్త చిలకరిస్తే జిగురు పట్టేస్తుంది. లోపల మిగిలిన నీటి బుడగలు కొద్దిరోజుల్లో ఆవిరైపోతాయి, కంగారుపడి సూదితో పొడవద్దు. దుమ్ము రేణువు ఇరుక్కుంటే మాత్రం అది ఫిల్ము ఉన్నంతకాలం కనబడుతూ మిమ్మల్ని వెక్కిరిస్తుంది. ఫ్యాను ఆపి, నేల తడిపి మొదలుపెట్టమనేది అందుకే. వారం రోజులు కడగొద్దు.

పెట్రోలు మూత చుట్టూ ఫిల్ము మూతదాకా తేకుండా కాస్త ఎడం వదలండి, ఒలికిన పెట్రోలు అంచు కిందికి పాకితే జిగురు వదులుతుంది. పైన క్లియర్‌కోటు లేని స్టిక్కర్లున్నచోట ఫిల్ము వేస్తే, తీసేనాడు స్టిక్కరూ వెంట వస్తుంది. క్లియర్‌కోటు కింద ఉన్న స్టిక్కర్లకి ఆ భయం లేదు. తీయడమెప్పుడూ వేడిచేసి, పైకి కాకుండా వెనక్కి మడిచినట్టు నెమ్మదిగా లాగాలి.

గుంటలు ఇప్పటికే పడ్డ పాత బండైతే వాటిని పూడ్చకుండా ఫిల్ము వేయకండి. ప్రతి గుంటలో గాలి నిలిచి తెల్లచుక్కలా మెరుస్తుంది, మునుపటికన్నా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రేకు కనబడుతున్న గుంటలో తుప్పుంటే గీకి, చుక్క ప్రైమరు పెట్టి, పెయింటు కోడ్ చూసి తెచ్చిన టచప్ రంగును అగ్గిపుల్ల కొనతో నింపండి. ఒక్కసారే నింపితే ఆరాక కుంగుతుంది, రెండు మూడు పొరలుగా పెట్టాలి. నా పదకొండు గుంటలకీ అలాగే చేసి, నెలరోజులు ఆరనిచ్చి, పైన ఫిల్ము వేశాను. ఎక్కడున్నాయో తెలిసినవాణ్ణి కాబట్టి నాకు కనబడుతూనే ఉంటాయి. ఆ తర్వాత పడ్డ రాళ్ల గుర్తులు ఫిల్ము మీదే ఉన్నాయి. కిందికి ఒక్కటీ దిగలేదు.